నాన్న చెవిలో కొండ

మా నాన్న మా అమ్మని “ఎవరండీ మాట్లాడేది?” అని అడిగిన రోజు మా ఇంట్లో ములక్కాడల పులుసు. ఇంత చిన్న సంగతి ఎందుకు గుర్తుందంటే, ఆ పూట ఆ గిన్నెని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పటికీ పక్కింట్లోంచి పులుసు వాసన వస్తే నేను లేచి కిటికీ మూసేస్తాను.

మొదటినుంచీ చెప్తాను.

మాది కాకినాడ. జగన్నాథపురం వంతెన దిగాక చేపల లారీలు మలుపు తిరిగే సందులో మా ఇల్లు. కింద మేం ఉంటాం, పైగది నాన్న స్టూడియో. స్టూడియో అనగానే సినిమాల్లో చూపించేది ఊహించుకోకండి. గోడలకి పాత పరుపులు, మూలల్లో దూదిమూటలు, కిటికీకి మా బామ్మ కుట్టిన బొంతలు. మధ్యలో ఒక బల్ల, దాని మీద రెండు స్పీకర్లు, ఎదురుగా ఒక కుర్చీ. పక్కనే చెక్కలతో అడ్డం కట్టి అద్దం బిగించిన బుల్లి గది. పాడేవాళ్ళు చెమటలు కక్కుతూ అందులో నిలబడతారు. నాన్న పేరు ఫణిభూషణం. పెళ్ళి పాటలు, బట్టల కొట్ల ప్రకటనలు, భజనలు, ఎవరికేం కావాలన్నా ఆయనే రికార్డు చేసి పెడతాడు. వాటిలో సగం పాడేది మా అమ్మ హైమవతి. నా పేరు శ్రావ్య. పేరు పెట్టింది నాన్నే, పాపం. నా గొంతు గరుకు కాగితం. అందుకని నేను పాడను, ఫోన్లెత్తి ఎవరు ఎప్పుడు రావాలో చెప్తుంటాను.

గదులు అబద్ధాలాడతాయని నాన్న నమ్మకం. కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చునే లోపే ఆ పురాణం మొదలెడతాడు.

“స్పీకర్లోంచి వచ్చిన చప్పుడు తిన్నగా చెవికి రాదు బాబూ. గోడకి కొట్టుకుని, మూలల్లో పోగుపడి, అప్పుడొస్తుంది. డప్పు మోత ఆ మూలలో పోగుపడిందనుకో, ఇక్కడ నాకు ఎక్కువ వినపడుతుంది. ఎక్కువైందని నేను తగ్గిస్తాను. తీరా కల్యాణమండపంలో వేస్తే అది డప్పు కాదు, తగరపు డబ్బా!”

దీనికి మందు ఈక్వలైజర్. కంప్యూటర్ తెర మీద వరసగా మీటలుంటాయి. ఎడమ చివర మోత, కుడి చివర ఈల, మధ్యలో మనుషుల గొంతులు. తన తల ఉండే చోట నాన్న ఒక సన్నటి మైకు నిలబెడతాడు. స్పీకర్లోంచి గుర్రుమనే మోత మొదలై, పైకి పైకి పాకి, ఈలగా మారి ఆగుతుంది. అది మొదలైతే చాలు, వెనక సందులో కుక్కలన్నీ ఏడుపు అందుకుంటాయి. ఆ చప్పుడుని గది ఎలా వంకర తిప్పిందో తెర మీద గీతగా వస్తుంది. పెంచిన చోట మీట కిందికి లాగి, మింగేసిన చోట పైకి తోసి, గీత తిన్నగా అయ్యేదాకా నాన్న లేవడు. తిన్నని గీత వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి, ఏదో పరీక్ష పాసైనట్టు వెలిగిపోతుంది.

గీత వచ్చాక కూడా పని మొదలెట్టడు. ముందు పరీక్ష పాట వేస్తాడు. ఈ పని చేసే ప్రతివాడికీ అలాంటి పాట ఒకటుంటుంది. వేలసార్లు విని, ప్రతి ఊపిరీ తెలిసిన పాట. అది సరిగ్గా వినిపిస్తే స్పీకర్లు నిజం చెబుతున్నట్టు లెక్క. నాన్న పరీక్ష పాట, పెళ్ళైన కొత్తల్లో అమ్మ వాయిద్యాలేమీ లేకుండా పాడిన దంపుళ్ళ పాట. రోజూ పొద్దున్నే అది ఇల్లంతా వినిపించేది. మధ్యలో అమ్మ నవ్వు ఆపుకునే చోటు ఒకటుంది. అక్కడ నాన్న కళ్ళు మూసుకునేవాడు.

అమ్మకి ఇదంతా చాదస్తం. ఆమెనీ తప్పుపట్టలేం. నాన్న నోరు మూతపడదు. అన్నం తింటున్నా మోత గురించి, బట్టలు ఆరేస్తున్నా ఈల గురించి. ఇంటెడు పని చేసుకుంటూ ఎవరు మాత్రం వింటారు? అమ్మ “ఊఁ” అనేది. ఆయన “హైమా” అని ఒకటికి నాలుగుసార్లు పిలిస్తే నాలుగోసారికి పలికేది. మాకది అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లో విశాఖలో ఒక పాటల కంపెనీవాళ్ళు అమ్మ గొంతు ఎక్కడో విని, గోదావరి జిల్లాల దంపుళ్ళ పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ చేద్దామన్నారు. అన్నీ అమ్మే పాడాలి. ఇన్నాళ్ళూ బట్టల కొట్ల వాళ్ళకి “రండి, తరలి రండి” అని పాడిన అమ్మకి, మొదటిసారి తన పేరు అట్ట మీద పడే అవకాశం. ఆమె వంటింట్లో కూడా పెదాలు కదుపుతూనే ఉండేది. నాన్న పాటలన్నీ రికార్డు చేసి, వాయిద్యాలు కలిపి పంపాడు. తిరిగొచ్చాయి. మళ్ళీ సరిచేసి పంపాడు. మళ్ళీ తిరిగొచ్చాయి. కంపెనీ తరఫు మనిషి సత్తిబాబుగారు ఫోన్ చేశాడు.

“ఆయ్, గురువుగారూ, తప్పుగా అనుకోకండి. డోలు బాగుందండి, సన్నాయి బాగుందండి. అమ్మగారి గొంతే ఎక్కడో అడుగునుండిపోతోందండి. ఇంకోసారి ఇలాగే వస్తే పాడేవాళ్ళని మార్చేద్దామంటున్నారండి మావాళ్ళు.”

నాన్న నిర్ఘాంతపోయాడు. కుర్చీలో కూర్చుని ఆ పాటే మళ్ళీ వేశాడు. “ఇదేంటి శ్రావ్యా! డోలు కంటే పైనే ఉందిగా మీ అమ్మ గొంతు? వినపడట్లేదా?” నిజం చెప్పొద్దూ, నాకు వినపడలేదు. డోలు కిందే ఉంది. అదే మాట చెప్పాను. ఆయన మళ్ళీ మైకు నిలబెట్టి గది కొలిచాడు. గీత తిన్నగానే ఉంది. గది అబద్ధం ఆడట్లేదు, స్పీకర్లూ ఆడట్లేదు. మరెవరు?

ఆ ప్రశ్నకి సమాధానం మా పిన్ని మృణాళిని దగ్గరుంది. పిన్ని అమ్మకి చెల్లెలు. హైదరాబాద్‌లో వినికిడి లోపాల మీద పరిశోధన చేస్తుంది. చెవి యంత్రం పెట్టుకున్నవాళ్ళు ‘చప్పుడు వినపడుతోంది కానీ మనిషి గొంతులా లేదు’ అని ఏడుస్తుంటారట. వాళ్ళ కోసం ఆమె ఒక పట్టీ తయారుచేసింది. నుదుటి మీదుగా చెవుల వెనక్కి కట్టుకునేది, లోపల రాగి బిళ్ళలు. చెవిలోకి ఏం వెళ్ళిందో కొలుస్తుంది, లోపల మెదడు ఏం విన్నదో అదీ కొలుస్తుంది. రెంటికీ ఉన్న తేడాని గీతగా గీసి, దాన్ని తిరగేసి మెదడుకి అందిస్తుంది. గదికి నాన్న చేసే పనే, పిన్ని తలకాయకి చేస్తుందన్నమాట.

సెలవుల్లో వచ్చినప్పుడు పట్టీ కూడా తెచ్చింది. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి కట్టింది.

“మీకు బాగా తెలిసిన గొంతు ఒకటి కావాలి బావగారూ. ఎంత బాగా తెలిస్తే కొలత అంత బాగా కుదురుతుంది.”

“నా పరీక్ష పాట ఉందిగా మరదలా!”

పాట వేశారు. తెర మీద గీత మొదలైంది. ఎడమవైపు మోత దగ్గర తిన్నగా ఉంది. మధ్యలోకి వచ్చేసరికి లేచింది. లేచి, లేచి, అమ్మ గొంతు ఉండే చోట కొండలా నిలబడింది. తర్వాత దిగి మళ్ళీ తిన్నగా సాగింది. పిన్ని నోరు వెళ్ళబెట్టింది.

“చెవిలోకి వెళ్ళింది ఇంత. మీరు విన్నది ఇదిగో, ఇంత! ఇంతెత్తు నేనెవరిలోనూ చూళ్ళేదు.” వేరే పాటగత్తె గొంతు వేసి చూసింది. గీత పడుకునే ఉంది. మళ్ళీ అమ్మ గొంతు, మళ్ళీ కొండ. “అక్క గొంతుకి మాత్రమే బావగారూ. మీ మెదడు దాన్ని పట్టుకుని పైకెత్తేస్తోంది. మీకిలా వినపడుతుంటే, గొంతు ఎక్కువైందని మీరు మీట కిందికి లాగరా మరి?”

నాన్న చేతులు రెండూ బల్ల మీద పెట్టి ఆ కొండనే చూశాడు. ఇన్నేళ్ళూ అమ్మ గొంతుని అందరికీ వినపడకుండా చేసింది తనేనని అర్థమైనట్టుంది. మొహం పాలిపోయింది. నాకు జాలేసింది, కొంచెం నవ్వూ వచ్చింది. అంత ప్రేమని డోలు కింద దాచిపెట్టే మనిషి మా నాన్న ఒక్కడే ఉంటాడు.

పిన్ని పట్టీ మా ఇంట్లో వదిలి వెళ్తూ, “కాసేపు కాసేపే వాడండి. కొత్త కళ్ళద్దాలకి కళ్ళు అలవాటైనట్టు మెదడు దీనికి అలవాటు పడిపోవచ్చు. తీసేశాక కొన్నాళ్ళకి ఆ అలవాటు పోతుందనే అనుకుంటున్నాను, కానీ ఇంకా ఎవరి మీదా అంతసేపు చూళ్ళేదు,” అని మరీ మరీ చెప్పింది.

కాసేపు ఎక్కడ కుదురుతుంది? ఆల్బమ్ నిండా పాటలు. నాన్న టిఫిన్ తిని పట్టీ కట్టుకుంటే సాయంత్రం దీపం పెట్టే వేళకి తీసేవాడు. పని మాత్రం అద్భుతంగా కుదిరింది. నేను ఫోన్లో విన్నాను, ఆటోలో విన్నాను, మా వీధి చివర టీ కొట్టు రేడియో పెట్టెలో కూడా వేయించి విన్నాను. ఎక్కడ విన్నా అమ్మ గొంతు డోలు దాటుకుని వచ్చి ఎదురుగా నిలబడుతోంది. టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపేసి, “ఎవరమ్మా ఈవిడ?” అన్నాడు. “మా అమ్మ,” అని చెప్పినప్పుడు గర్వంతో నా గరుకు గొంతు కూడా కాస్త నునుపెక్కింది.

పాటలు పంపిన మర్నాడే సత్తిబాబుగారు ఫోన్. “ఆయ్, ఏం మాయ చేశారండి గురువుగారూ! మా పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారండి!”

ఆ సంతోషంలోనే అమ్మ ములక్కాడల పులుసు పెట్టింది, నాన్నకి ఇష్టమని. బజారుకి వెళ్ళి వస్తూ ఆమె ఫోన్లో చార్జింగ్ అయిపోతే, కిరాణా కొట్టు ఫోన్ తీసుకుని నాన్నకి చేసింది. “ఏవండీ, పెరుగు తోడుందా, ప్యాకెట్ తెమ్మంటారా?” అని అడిగితే ఆయన “రాంగ్ నంబరండీ” అని పెట్టేశాడు. అమ్మ ఇంటికొచ్చి దానికే పకపకా నవ్వింది. “చూశావా మీ నాన్న వేళాకోళం!” అంది. నేనూ నవ్వాను.

భోజనాల వేళ అమ్మ వంటింట్లోంచి, “ఏవండీ, రండి, వడ్డిస్తున్నాను,” అని కేకేసింది. నాన్న మెట్లు దిగి వచ్చాడు. గుమ్మం దగ్గర చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఇంట్లో పరాయి వాళ్ళుంటే తప్ప ఆయన గుండీలు పెట్టడు.

“ఎవరొచ్చారమ్మా?” అని మెల్లిగా నన్నడిగాడు.

“ఎవరూ రాలేదే.”

“లోపల ఎవరో ఆవిడ పిలుస్తోందిగా.”

అంతలో అమ్మ గోడ చాటునుంచి, “చల్లారిపోతుందండీ!” అంది. నాన్న ఆ గోడకేసి తిరిగి, ఎంతో మర్యాదగా, “ఎవరండీ మాట్లాడేది?” అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది, మొహం నిండా నవ్వుతో. నాన్న ఆమె మొహం చూశాడు. ఆమె పెదాలు చూశాడు. “ఏంటండీ ఇవాళ మీ ఆటలు,” అంటున్న ఆ పెదాల్లోంచి వస్తున్న గొంతు విన్నాడు. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

“హైమా, నువ్వే. మొహం నీదే. గొంతు మాత్రం ఎవరిదో,” అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె నేల మీద పడింది. పులుసు గిన్నె మూత తీసింది తీసినట్టే ఉండిపోయింది.

పిన్ని ఆ మర్నాటికల్లా వచ్చింది. నాన్నకి పట్టీ కట్టి, పరీక్ష పాట వేసింది. ఎడమనుంచి బయల్దేరిన గీత మధ్యలోకి వచ్చింది. గీత లేవలేదు. ఆ చివరనుంచి ఈ చివరకి తిన్నగా, బల్లపరుపుగా, నాన్న జన్మంతా దేని కోసం తిప్పలు పడ్డాడో అలాంటి తిన్నని గీత. దాన్ని చూసి ఆయన భోరుమన్నాడు.

“నవ్వు ఆపుకునే చోటు వచ్చిందా?” అని అడిగాడు. “వచ్చి వెళ్ళిపోయింది బావగారూ,” అంది పిన్ని. ఆయనకి తెలియలేదు.

“మళ్ళీ పెట్టెయ్యి! తీసినదానివి పెట్టలేవా?” అని అమ్మ పిన్ని రెక్క పట్టుకుని ఊపేసింది.

“వంకర సరిచెయ్యడమే నాకు తెలుసక్కా. అది ఎన్నేళ్ళకి అలా పెరిగిందో, దేనితో పెరిగిందో నాకేం తెలుసు? పట్టీ అలవాటు కొన్నాళ్ళకి పోతుందనుకున్నాను. నాదే పొరపాటు,” అని పిన్ని తల వంచుకుంది.

ఒక్క దారి మాత్రం ఉందంది. మొదటిరోజు కొలిచిన కొండ కంప్యూటర్లో భద్రంగా ఉంది. అమ్మ అద్దాల గదిలో మైకు ముందు మాట్లాడితే, ఈక్వలైజర్లో మీటల్ని ఆ కొండ ఆకారంలో పెట్టి, స్పీకర్లోంచి వినిపించవచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నాన్నకి పాత హైమ వినిపిస్తుంది.

అలాగే చేశారు. అమ్మ మైకు ముందు నిలబడి ఏం మాట్లాడాలో తోచక, “ఏవండీ, అన్నం తిన్నారా?” అంది. కుర్చీలో నాన్న కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారిపోతుంటే, “తిన్నానే. తిన్నాను. ఇంకా ఏదైనా చెప్పు,” అన్నాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో కాపురం మైకులో సాగింది. కూరేం చెయ్యాలో అడగాలన్నా, గ్యాసు అయిపోయిందని చెప్పాలన్నా అమ్మ మెట్లెక్కి, అద్దాల గదిలో దూరి, చెమటలు కక్కుతూ చెప్పేది. కింద మాట్లాడితే ఆయన తల తిప్పి వెతుక్కునేవాడు. “మీరు” అనబోయి నాలిక కరుచుకునేవాడు. ఒకసారి అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయి నా ఎదుట ఏడ్చింది.

“కట్టుకున్న మొగుడితో మాట్లాడ్డానికి మైకేంటే నాకు? ఇంత పని చేసేముందు ఒక్క మాట అడగొద్దూ నన్ను? నా గొంతు విషయం నాకు చెప్పకుండా ఈయనెవరు తీసేసుకోవడానికి?”

నాకూ ఆయన మీద కోపమొచ్చింది. అడగాల్సిందే కదా.

పిన్ని మాత్రం పట్టు వదల్లేదు. కొండ ఎలా పెరుగుతుందో తెలిస్తే మళ్ళీ పెంచే దారి దొరకొచ్చని, అలాంటిది ఇంకెవరిలోనైనా కొలవాలంది. ఎవరిలో అన్న ప్రశ్నే లేదు. అమ్మ చెంగు బొడ్లో దోపుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

“కట్టు. ఆయనదే కొండైతే నాది హిమాలయం. చూద్దువుగాని.”

నాన్న అద్దాల గదిలోకి వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడమంటే, అలవాటు చొప్పున మూలల్లో పోగుపడే మోత గురించి మొదలెట్టాడు. గీత బయల్దేరింది. మగగొంతు ఉండే చోటు కాస్త ఎడమకి ఉంటుంది. గీత అక్కడికి వచ్చింది. వచ్చి, కిందికి దిగింది. దిగుతూనే ఉంది. తెర అడుగుకి తగిలి, అక్కడే కొంతదూరం పాకి, మళ్ళీ పైకెక్కింది.

కొండ కాదు, గొయ్యి.

పిన్ని కంప్యూటర్ వంక చూసింది, అమ్మ వంక చూసింది. అమ్మే అంది, “మిషను చెడిపోయినట్టుంది. మళ్ళీ పెట్టు.” మళ్ళీ పెట్టారు. అదే గొయ్యి. నా గొంతు ఇచ్చి చూశారు, గీత మామూలుగానే ఉంది. పక్కింటాయన గొంతు ఇచ్చారు, మామూలుగానే ఉంది. నాన్న గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మ మెదడు తలుపు మూసేస్తోంది.

“అంటే ఏంటే దీనర్థం? నాకాయన మీద ప్రేమ లేదనా?” అంది అమ్మ.

“కాదక్కా. రోజంతా తిరిగే ఫ్యాను చప్పుడు మనకి వినపడదు చూడు, అలాగ. ఉందని తెలుసు, లోపలికి మాత్రం రానివ్వట్లేదు.”

“నేను వింటాను. ఆయన చెప్పేవన్నీ వింటాను. ఈ పట్టీ విషయం ఒక్కటే ఆయన చెప్పలేదు!”

నాన్న అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. ఆయనకి కోపం రావడం నేనెప్పుడూ చూళ్ళేదు, ఇప్పుడూ రాలేదు. “చెప్పాను హైమా,” అన్నాడు మెల్లిగా. అమ్మ పిన్నితో మాట్లాడుతూనే ఉంది. “చెప్పాను,” అని ఇంకోసారి అన్నాడు. నేనూ పిన్నీ విన్నాం. అమ్మ వినలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి చెప్పాడు, ఆమె వినలేదు.

పిన్ని మెల్లిగా పట్టీ మీట నొక్కి, దిద్దుబాటు మొదలెట్టింది. అంటే అమ్మ గొయ్యి ఎంత లోతో అంత మట్టి పోసి పూడ్చడమన్నమాట. “ఇప్పుడనండి బావగారూ.”

నాన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. మైకు తెరిచి ఉన్నంతసేపూ రికార్డు చేస్తూనే ఉండటం ఆయన అలవాటు. పాడేవాళ్ళ మంచి ముక్క ఎప్పుడు నోట్లోంచి జారుతుందో తెలియదని, దగ్గూ తుమ్మూ కూడా ఆపకుండా పట్టేస్తాడు. పట్టీ వాడకం మొదలెట్టిన రోజు రికార్డు వెతికి వేశాడు. ఆ రోజు ఒక పాట మళ్ళీ పాడటానికి వచ్చిన అమ్మ, అద్దాల గదిలో మైకు ముందు పీట వేసుకుని, నాన్న మైకు సరిచేసే లోపు మునగాకు దూస్తూ కూర్చుంది. ఆకులు గలగలమంటున్నాయి. తర్వాత నాన్న గొంతు.

“హైమా, ఒక మాట. మృణాళిని ఇచ్చిన పట్టీ కట్టుకుని నీ పాటలు సరిచేద్దామనుకుంటున్నాను.”

“ఊఁ.”

“ఎక్కువ వాడితే అది చెవిలో ఉండిపోవచ్చుట. నీ గొంతు నాకు ఇప్పుడు వినపడుతున్నట్టు ఇంకెప్పటికీ వినపడకపోవచ్చు.”

“ఊఁ.”

“నాకు భయంగా ఉందే. నువ్వు వద్దంటే మానేస్తాను. వాళ్ళు గొంతు మార్చుకుంటే మార్చుకోనీ. కానీ ఊరంతా నిన్ను నేను వింటున్నట్టు వినాలని ఉంది నాకు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు హైమా.”

ఆకుల గలగల. తర్వాత అమ్మ గొంతు, ఎంతో మామూలుగా.

“కానీయండి. ఈ మునగాకు బొత్తిగా ముదిరిపోయిందండీ, ఏం చెయ్యను దీన్ని?”

మళ్ళీ ఆకుల చప్పుడే. చివరికి నాన్న, “సరే, అలాగే,” అన్నాడు. రికార్డు అక్కడితో ఆగింది.

కుర్చీలో అమ్మ కదల్లేదు. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం మా నాన్న మీద ఉన్నాయి. ఈ మనిషి మా ఇంట్లోకి ఎప్పుడొచ్చాడన్నట్టు చూస్తోంది.

“మీ గొంతు వణుకుతుందా?” అంది. “భయమేసినప్పుడు మీ గొంతు అలా వణుకుతుందా? ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ అంతేగా,” అన్నాడు నాన్న.

అమ్మ ఏడుపు నేను వర్ణించలేను. చావింట్లో కూడా అలా ఏడవలేదామె. నాకు ఎటు చూడాలో తోచలేదు. కాపురం చేస్తున్న ఇద్దరిలో ఒకరు కొండంత వింటున్నారు, ఒకరు ఏమీ వినట్లేదు, మధ్యలో పెరిగిన నేను ఇదంతా మామూలే అనుకున్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి చేసిన మొదటి పని, ఈక్వలైజర్లో కొండ ఆకారంలో ఉన్న మీటలన్నీ కిందికి దించెయ్యడం. “ఇంక ఈ మైకులో మాట్లాడను. ఆ స్పీకర్లో ఉన్నది నేను కాదు. నేను కిందే ఉంటాను, నా గొంతుతోనే పిలుస్తాను. ఈయనకి ఎవరిదోలా వినపడితే వినపడనీ,” అంది. రెండో పని, తలకున్న పట్టీని ఇంకాస్త బిగించడం. “ఇది మాత్రం తియ్యకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుతాను.”

“అక్కా, అలా వాడితే ఆ గొయ్యి మళ్ళీ రాదు,” పిన్ని కంగారుపడింది. “అది నీకు కాపలా కూడానే. ఇంక జీవితాంతం బావగారు చెప్పేవన్నీ వినపడతాయి. మూలలు, మోతలు, అన్నీ!”

“విననీవే,” అంది అమ్మ.

పరీక్ష పాటలా ఆమెకి నాన్న గొంతు కావాలి కదా. అందుకని నాన్న రోజూ ఆమె వెనకే తిరుగుతూ మాట్లాడేవాడు. అమ్మ కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, నుదుటికి పట్టీతో, ఆయన చెప్పేదంతా వినేది. కొన్నింటికి విసుక్కునేది కూడా. “అబ్బ, ఆ మోత సంగతి నిన్ననే చెప్పారుగా,” అనేది. నిన్న చెప్పింది గుర్తుండటమే మా ఇంట్లో వింత. నాన్న ఆ విసుగుకి మురిసిపోయేవాడు. ఆయనకి మాత్రం ఆ విసుక్కునే గొంతు ఇంకా పరాయిదే. పిన్ని మళ్ళీ కొలిచి చూసింది. గీత తిన్నగానే ఉందట.

నన్నూ కుర్చీలో కూర్చోమంది పిన్ని, పిల్లల చెవులు ఎలా ఉంటాయో చూద్దామని. నేను ఫోన్ మోగుతోందని చెప్పి కిందికి పారిపోయాను. ఫోన్ మోగట్లేదు. అమ్మ గొంతుకి నాలో కొండ ఉందో, నాన్న గొంతుకి గొయ్యి ఉందో చూసే ధైర్యం నాకు లేదు.

ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద హైమవతి అని పెద్ద అక్షరాల్లో పడింది. టీ కొట్టులో, ఆటోల్లో, పెళ్ళి పందిళ్ళలో అమ్మ పాడుతోంది. ఊరంతా వింటోంది. నాన్న ఒకప్పుడు విన్నట్టు మాత్రం ఎవరూ వినట్లేదని మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

పట్టీని పిన్ని పట్టుకెళ్ళిపోయిన మర్నాడు. మధ్యాహ్నం నేను హాల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. అమ్మ పెరట్లో అంట్లు తోముతోంది, పంపు ధారగా కారుతోంది, సందులో చేపల లారీ హారన్ కొడుతోంది. నాన్న పైన మెట్ల మొదట్లోకి వచ్చి, “హైమా,” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మొదటి పిలుపు ఆయనెప్పుడూ గట్టిగా పిలవడు, ఎలాగూ నాలుగు పిలవాలని తెలుసు కాబట్టి.

“ఆఁ, వస్తున్నానండీ!” అని పెరట్లోంచి వినిపించింది.

రెండోసారి పిలవడానికి తెరిచిన నాన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. నా వంక చూశాడు. పెరటి గుమ్మం వంక చూశాడు.

“ఎవరమ్మా పలికింది?” అన్నాడు.

అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “నేనేనండీ. హైమని.”

నాన్న మెట్లన్నీ దిగి వచ్చి ఆమె ఎదురుగా కింది మెట్టు మీద కూర్చున్నాడు. కొత్త పాట మొదటిసారి విన్నప్పుడు చేసినట్టే తల కాస్త పక్కకి వంచాడు.

“ఇంకోసారి చెప్పు,” అన్నాడు.